మామయ్య బాకీ మనమెందుకు కట్టాం?

కాలిఫోర్నియాలోని డేలీ సిటీలో మా వీధినిండా ఫిలిప్పీన్స్ వాళ్ళే. పక్కింటావిడని మా అమ్మాయి 'టీటా' అంటుంది, అంటే అత్తో పిన్నో అనుకోండి. ఆవిడ గరాజ్‌లో ఎప్పుడు చూసినా ఒక పెద్ద అట్టపెట్టె సగం నిండి ఉంటుంది, ఊళ్ళో వాళ్ళకి సబ్బులూ చాక్లెట్లూ డబ్బా మాంసమూ (మన 23 కేజీల సూట్‌కేసుల గోలే, కాకపోతే ఓడలో వెళ్తుంది). ఆ పెట్టె చూపించి మా పిల్లకి ఎన్నిసార్లు క్లాసు పీకానో, చూడు, అయినవాళ్ళంటే అలా ఉండాలి అని.

ఆవిడ చెప్పిందనే మా అమ్మాయీ నేనూ కూర్చుని 'మా రోసా' చూశాం. 2016 సినిమా, బ్రిలాంటె మెండోజా తీశాడు, రోసాగా వేసిన జాక్లిన్ హోసేకి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు ఇచ్చారు. పేరు చూసి 'మన రోసా' అనుకున్నా. 'మా' అంటే అక్కడ అమ్మట. రోసాకి మనీలా బస్తీలో చిల్లరకొట్టు, చాటుగా మత్తుమందు పొట్లాలు. పోలీసులు మొగుడూపెళ్ళాల్ని పట్టుకెళ్ళి కేసు రాయకుండా బేరం పెడతారు. సరుకిచ్చినవాణ్ణి పట్టించినా ఇంకా 50 వేల పెసోలు తక్కువ. పిల్లలు తలో దిక్కూ పరిగెడతారు. ఒకడు టీవీ మోసుకెళ్ళి అమ్ముతాడు, కూతురు చుట్టాల గడపలెక్కి తిట్లు తిని మరీ చెయ్యి చాస్తుంది, ఇంకొకడు ఎలా తెచ్చాడో ఇక్కడ రాయలేను.

నాకు కళ్ళు చెమర్చాయి. బంగారంలాంటి పిల్లలు అన్నాను.

"తప్పు చేసింది వాళ్ళమ్మ కదా, వీళ్ళకెందుకమ్మా శిక్ష?"

"అయితే వదిలేస్తారా?"

"వదిలెయ్యమన్లేదు. నువ్వెందుకు అంత మురిసిపోతున్నావ్?" ఒక్క క్షణం ఆగి, "మామయ్య బాకీ మనమెందుకు కట్టాం? ఆ సమ్మర్‌లోనే కదా నా స్విమ్మింగ్ మాన్పించారు" అంది.

దానికి తెలియదనుకున్నాం. తలుపు వేసుకుని, గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం అప్పట్లో. వాళ్ళ నాన్న లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలెట్టారు. తమ్ముడు కాబట్టి కట్టాం. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

చివర్లో మిగతా డబ్బు కోసం బయటికొచ్చిన రోసా రోడ్డు పక్కన నిలబడి పుల్లకి గుచ్చిన చేప ఉండలు తింటుంది. ఎదురుగా ఒక కుటుంబం కొట్టు కట్టేస్తుంటుంది. వాళ్ళని చూస్తూ, నోట్లో ముద్ద అలాగే ఉండగా ఏడుస్తుంది. మా అమ్మాయి అది వెనక్కి తిప్పి రెండోసారి చూసింది. నేను చూడలేదు.

మర్నాడు టీటా సినిమా ఎలా ఉందని అడిగితే బాగుందన్నాను. పెట్టెకి టేపు వేస్తోంది, సాయం పట్టమంది. మూత లేవకుండా మోకాలితో నొక్కి పట్టుకున్నాను.