తమిళమా, హిందీనా, చైనీసా? ముందు బడి ఎంత దూరమో చెప్పండి

సింగపూర్‌లో ప్రీస్కూలు వెతికే తెలుగువాళ్లకు భాష దగ్గరే మొదటి చిక్కు. ఇక్కడ అధికార భాషలు నాలుగు: ఇంగ్లీషు, మలయ్, మాండరిన్ చైనీస్, తమిళం. బడిలో చదువు ఇంగ్లీషులో సాగుతుంది, దాంతోపాటు మాతృభాష పేరుతో ఇంకొకటి నేర్వాలి. ఆరో తరగతి చివర రాసే పీఎస్‌ఎల్‌ఈ పరీక్షలో తమిళం కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా ఉన్నాయి. తెలుగు లేదు. అందుకే మాతృభాష అన్న గడిలో ఏం రాయాలన్నది మన ఇళ్లలో ఏళ్ల తరబడి నడిచే పంచాయితీ.

పాపకు మూడేళ్లు వచ్చేసరికి అది మా ఇంటికీ వచ్చింది. మేముండేది పుంగోల్ అనే పేటలో. చూసినవాటిలో మూడు బళ్లు మిగిలాయి. ఒకటి పక్క బ్లాకు కిందే ఉంది, ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా పిల్లల్ని ఉంచుకుంటుంది. రెండోదానిలో సగం రోజు చైనీస్‌లోనే గడుస్తుంది. అక్కడికి వెళ్లాలంటే పేటలో తిరిగే చిన్న రైలు ఎల్‌ఆర్‌టీ ఎక్కి, మెట్రో రైలు ఎంఆర్‌టీకి మారి, దిగాక బస్సు పట్టుకోవాలి. మూడోది చదువుకు పేరుమోసింది. అక్కడ నాలుగేళ్ల పిల్లలు వరసగా కూర్చుని ఇంగ్లీషు మాటలు దిద్దుతున్నారు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నా కళ్లు మాత్రం పెన్సిలు పక్కన పడేసి బొటనవేలు చీకుతున్న బాబు మీదే నిలిచాయి. ఇక్కడ ఏడేళ్లు నిండే ఏడాదికి గానీ ఒకటో తరగతి మొదలు కాదు. అంత తొందర దేనికి?

చైనీస్ బడి నాకూ నచ్చింది. ఈ వయసులో ఆ స్వరాలు పిల్లలకు ఇట్టే పట్టుబడతాయి. అయితే ప్రాథమిక బడిలో టింగ్‌షియే మొదలయ్యాక, అంటే టీచరు చెప్పింది విని అక్షరాలు రాయాల్సి వచ్చాక, ఇంట్లో తప్పు దిద్దే మనిషి లేడు. ట్యూషన్ పెట్టించాలి. ఆ ఖర్చు లెక్కలోకి తీసుకోకుండా పొగిడేవాళ్లే ఎక్కువ.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. బడి గేటు దగ్గర రోజూ టీచరు జ్వరం చూస్తుంది, నోట్లో టార్చి వేస్తుంది, అరచేతులు తిప్పి చూస్తుంది. చేతులకు, కాళ్లకు, నోట్లో పొక్కులు లేపే అంటువ్యాధి ఇక్కడి బళ్లలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది మరి. ఒక్క పొక్కు కనిపించినా లోపలికి రానివ్వరు, వెనక్కి తీసుకుపోవాల్సిందే. మధ్యాహ్నం జ్వరం వస్తే వెంటనే ఫోను. ఆఫీసు నుంచి వచ్చి ఒళ్లు కాలుతున్న పిల్లను ఎత్తుకుని రెండు రైళ్లు మారడం కన్నా, పైకప్పున్న నడకదారిలో వానకు తడవకుండా ఇంటికి చేరడం మేలు. బడి ఎంత గొప్పదన్నది ఆ పూట ఎవరికీ గుర్తుండదు. పక్క బ్లాకులోనే చేర్చాం.

అక్కడ ఇంగ్లీషు కాక చైనీసే చెబుతారు, అదీ రోజుకు కాసేపు. పాప చైనీస్ పాటలు పాడుతూ వస్తోంది. నేనేమీ కంగారు పడటం లేదు. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట లేదు, అన్నం ముద్దకు ఒక కథ చొప్పున లంచం ముడుతూనే ఉంది.

అసలు ఎంపిక ఐదో ఏట, కేవన్‌లో, అంటే కిండర్‌గార్టెన్ మొదటి ఏడాదిలో. విద్యాశాఖ నడిపే కిండర్‌గార్టెన్లలో చైనీస్, మలయ్, తమిళం చెబుతారు. మాకు పీఆర్, అంటే శాశ్వత నివాస హోదా, ఉంది కాబట్టి దరఖాస్తు చేసుకోవచ్చు. పైగా ప్రాథమిక బడి ఆవరణలోనే ఉన్న కిండర్‌గార్టెన్‌లో చదివిన పిల్లకు, అదే బడిలో ఒకటో తరగతి చేరికకు ముందు విడతలోనే అవకాశం దక్కుతుంది. దూరం, భాష రెండూ అక్కడే తెమిలిపోతాయి.

నా ఓటు తమిళానికి. మా అత్తగారిది చిత్తూరు, తమిళం గడగడా మాట్లాడతారు. ఫోనులో మనవరాలితో తమిళంలో నాలుగు మాటలు మాట్లాడగలరు. మా ఆయన హిందీ అంటున్నారు, రేపు హైదరాబాద్ వెళ్లిపోతే సీబీఎస్‌ఈలో పనికొస్తుందని. కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ హిందీకి చాలా మంది పిల్లలు శనివారం వేరే కేంద్రానికి వెళ్లాలి, అంటే మళ్లీ రైలే. శనివారం పొద్దున్నే పాపను తీసుకెళ్లేది ఎవరని అడిగాను. ఆలోచించి చెబుతానన్నారు.