స్క్రూడ్రైవర్ లేని రిపేర్లు: ఈ నెల ఫోన్లు

గుంటూరు బ్రాడీపేటలో మా వీధిలో ఎవరి ఫోన్ మొరాయించినా ఈమధ్య నా దగ్గరికే వస్తోంది. విప్పడాలు, అతికించడాలు నా వల్ల కాదు, సాఫ్ట్‌వేర్ తేడాలు మాత్రమే చూస్తాను. కారణం తేలేదాకా, ఫోన్‌లో ఉన్నవన్నీ చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ జోలికి వెళ్లను.

పిన్ని ఫోన్ (యాడ్స్ గోల)

లాక్ తీస్తే చాలు, స్క్రీన్ నిండా ప్రకటన. షాపులో "సాఫ్ట్‌వేర్ వేయాలమ్మా, ఉన్నవన్నీ పోతాయి" అన్నారట. ముందు సేఫ్ మోడ్‌లో పెట్టాను. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూ తెరిచి, పవర్ ఆఫ్ మీద వేలు నొక్కిపట్టుకుంటే ఆ మోడ్ అడుగుతుంది. అందులో ఫోన్‌తో వచ్చిన యాప్‌లే నడుస్తాయి, మనం వేసుకున్నవి నడవవు. చాలాసేపు వాడి చూసినా ఒక్క యాడ్ రాలేదు. అంటే సిస్టమ్ బాగానే ఉంది, దొంగ తర్వాత వచ్చినవాడే.

మామూలు మోడ్‌కి వచ్చి, యాడ్ పడగానే రీసెంట్స్ (ఇటీవల తెరిచిన యాప్‌లు చూపే బటన్) నొక్కాను. ఏ యాప్ దాన్ని తెరిచిందో సాధారణంగా అక్కడ దొరికిపోతుంది. ఇక్కడ మాత్రం పేరు లేదు, ఐకాన్ ఖాళీ. సెట్టింగ్స్‌లో 'డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్' లిస్టు తీస్తే ఒక టార్చ్ యాప్ కనిపించింది. టార్చ్‌కి మిగతా యాప్‌ల మీదికి ఎక్కాల్సిన పనేంటి? అన్‌ఇన్‌స్టాల్ బటన్ కూడా పనిచేయలేదు. ఫోన్ మీద ప్రత్యేక అధికారాలున్న యాప్‌ల లిస్టు, అంటే డివైస్ అడ్మిన్ యాప్స్‌లో దాని టిక్ తీసేశాకే పోయింది. "ఫోన్‌లోనే టార్చ్ ఉందిగా, ఇదెవర్రా వేసింది?" అని పిన్ని మా తమ్ముడి వంక చూసింది. వాడు మాట్లాడలేదు.

ఎదురింటి అంకుల్ (వాట్సాప్ లేటు)

ఆయనది మిర్చి యార్డులో వ్యాపారం. రేట్ల మెసేజ్‌లు ఫోన్ తెరిచాకే గుంపుగా పడుతున్నాయి. కదలకుండా పడున్న ఫోన్‌లో నెట్ పనులను వాయిదా వేసే 'డోజ్' ఆండ్రాయిడ్ 6.0 నుంచీ ఉంది. దానికి తోడు కంపెనీల సొంత బ్యాటరీ పొదుపు. యాప్ ఇన్ఫోలో బ్యాటరీని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేస్తే సరిపోయింది.

బాబాయి ఫోన్ (ఇంకా తేలలేదు)

దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. సేఫ్ మోడ్‌లోనూ అంతే, కాబట్టి వేసుకున్న యాప్‌ల మీద అనుమానం తగ్గింది. ఎండలో బైక్ హోల్డర్‌లో పెట్టి మ్యాప్స్ వాడతాడు కదా అని ఫ్యాన్ కింద పెట్టి కూడా చూశాను. అయినా ఆగలేదు.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తట్టి, మామూలుగా కనిపించని డెవలపర్ ఆప్షన్స్ తెరిచాను. కేబుల్ మీద ల్యాప్‌టాప్ నుంచి ఫోన్ లోపలి సంగతి చూడనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌లో ఏడీబీ అనే టూల్‌తో లాగ్‌క్యాట్ (ఫోన్‌లో జరిగేవి లైను లైనుగా చూపే లాగ్) నడుపుతున్నాను. ఫోన్ ఆరిపోయినా అప్పటిదాకా వచ్చిన లైన్లు ల్యాప్‌టాప్ ఫైల్‌లో మిగులుతాయి. పని అయ్యాక ఈ ఆప్షన్లు ఆపేయాలి, ఇవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. ఆఖరి లైన్లలో ఎర్రర్ ఉంటే దాని వెంట పడతాను. ఏ ఎర్రరూ లేకుండా లాగ్ చటుక్కున తెగిపోతే బ్యాటరీనో పవర్ బటన్‌నో అనుమానించాలి, అప్పుడిక అరండల్‌పేటలో రిపేరు షాపుకే.