గానుగ కోసం అప్పు: ఎవరి దగ్గర తీసుకోవాలో ఎలా తేల్చుకున్నాను

మాది కదిరి దగ్గర పల్లె. శనక్కాయలు కొని, వేరేవాళ్ల గానుగలో ఆడించి నూనె అమ్మేవాళ్లం. మిగిలేదాంట్లో చాలా భాగం ఆడించిన కూలికే పోయేది. 2025 మొదట్లో సొంత గానుగకు లెక్క వేస్తే మిషను, ఫిల్టరు, మోటారు, త్రీ ఫేజ్ కనెక్షన్ కలిపి 5.6 లక్షలు తేలింది. చేతిలో 60 వేలున్నాయి. మిగతా 5 లక్షలు అప్పు చేయాల్సిందే.

ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి నోటు రాసిస్తే సాయంత్రానికి డబ్బొస్తుంది. అంటే ఏడాదికి 24 శాతం. నూనె అన్ని నెలలూ ఒకేలా అమ్ముడుపోదు కాబట్టి అటు వెళ్లలేదు.

ఒక ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు ఇంటికే వచ్చి, "12 శాతమే అక్కా, మూడేళ్లలో కట్టేయొచ్చు" అన్నాడు. మా ఖాతా ఉన్న బ్యాంకులోనూ 12 శాతమే చెప్పారు. కానీ ఏజెంటు చెప్పింది ఫ్లాట్ వడ్డీ. మనం అసలు తీరుస్తున్నా మూడేళ్లూ 5 లక్షల మీదే లెక్కగడతారు. నెలకు దాదాపు 18,900, మొత్తం వడ్డీ 1.8 లక్షలు. బ్యాంకులో మిగిలిన అసలు మీదే వడ్డీ. నెలకు 16,600, మొత్తం 98 వేలు. 82 వేలంటే మాకు చిన్న తేడా కాదు. చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లకు (గడువు పెట్టి వాయిదాల్లో తీర్చే అప్పులకు) 2024 అక్టోబరు 1 నుంచి కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో మనకు అర్థమయ్యే భాషలో అందులో ఉండాలి. అది అడిగితే ఏజెంటు "సంతకాలయ్యాక ఇస్తాం" అన్నాడు. అంతటితో ఆ మాట వదిలేశాను.

బ్యాంకుకు ఉత్త చేతులతో వెళ్లలేదు. ఆహార యూనిట్లకు 35 శాతం సబ్సిడీ ఇచ్చే పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద, దరఖాస్తు పెట్టేవాళ్లకు సాయం చేసే జిల్లా రిసోర్స్ పర్సన్ ప్రాజెక్టు రిపోర్టు రాసిచ్చాడు. ఆయన ఫీజు పథకమే ఇచ్చింది, నేనేమీ ఇవ్వలేదు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే, దానికి డబ్బడిగే నెట్ సెంటర్లను నమ్మొద్దు. మిషను కొటేషన్, ఖాతా స్టేట్‌మెంటు జతచేశాను. ఫోన్‌పేలో వచ్చే అమ్మకం డబ్బు ముందు నుంచీ ఆ ఖాతాలోనే పడేది. నా ఉద్దేశంలో అన్ని కాగితాలకన్నా అదే ఎక్కువ పని చేసింది.

అయినా మేనేజర్ మొదట తాకట్టుకు ఇంటి కాగితాలు తెమ్మన్నారు. "చిన్న యూనిట్లకు 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది కదా సార్" అన్నాను, గొంతు పెంచకుండానే. 2025లో ఉన్న పరిమితి అది. దరఖాస్తు అందినట్టు రసీదు కూడా అడిగి తీసుకున్నాను. రసీదు లేకపోతే మన కాగితం ఏ బల్ల మీద ఆగిందో అడగడానికి ఆధారం ఉండదు. తర్వాత ఫీల్డ్ ఆఫీసర్ వచ్చి షెడ్డు చూశారు, మా ఆయనతో శనక్కాయల ధరలు మాట్లాడారు, నా అమ్మకాల పుస్తకం పేజీ పేజీ తిప్పారు. తాకట్టు లేకుండానే లోను మంజూరైంది.

సబ్సిడీ చేతికి రాదు. బ్యాంకులో విడిగా ఉండి, మూడేళ్లు వాయిదాలు సరిగ్గా కట్టి యూనిట్ నడుస్తుంటే అప్పులో జమవుతుంది. అందుకే సబ్సిడీని లెక్కలోకి తీసుకోకుండా వాయిదా కట్టగలమా అని ముందే చూసుకున్నాం. గానుగ తిరుగుతోంది. ఇక పంట వచ్చినప్పుడు శనక్కాయలు కొనిపెట్టుకోవడానికి డబ్బు కావాలి. దానికి సీసీ లిమిట్ (కావాల్సినప్పుడు వాడుకుని, డబ్బు రాగానే తిరిగి కట్టే క్యాష్ క్రెడిట్ అప్పు) ఇమ్మని అదే బ్రాంచిలో దరఖాస్తు పెట్టాను, ఈసారీ రసీదు తీసుకున్నాను.