సంఘం పిల్లలకు సంఘం డబ్బు

ఇంటర్ ఫలితాలొచ్చిన దగ్గర్నుంచి దసరా దాకా నా అంగడిలో స్కాలర్‌షిప్ పనే ఎక్కువ. తిరుపతి బాలాజీ కాలనీలో నాది చిన్న జిరాక్స్, నెట్ సెంటర్. యూనివర్సిటీ పిల్లలు, టీటీడీ కాలేజీల పిల్లలు, పల్లెల నుంచి బస్సు దిగి నేరుగా వచ్చే అమ్మానాన్నలు. ఆధార్, బియ్యం కార్డు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, పాస్‌బుక్ మొదటి పేజీ. ఖాతాకు ఆధార్ లింకు లేకపోతే డబ్బు పడదని వంద సార్లు చెప్పాలి. ఈ ఫీజు సాయమే లేకపోతే మా వైపు ఎంతోమంది ఆడపిల్లలు ఇంటర్‌తో ఆగిపోయేవాళ్లు. అది నాకు బాగా తెలుసు కాబట్టే ఒక్క ఫారం కూడా తప్పు పోకూడదని రెండుసార్లు చూస్తాను.

కానీ ఒక విషయం మనసులో కలుక్కుమంటూనే ఉంటుంది. మొన్న పాకాల వైపు నుంచి ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. ఆదాయం కాగితం మీద వేలు పెట్టి, "ఈ అంకె సరిపోతుందా అమ్మణ్ణీ, ఎక్కువైందంటే రాదంట కదా" అని అడిగాడు. గట్టిగానే అడిగాడు, వెనకాల లైన్లో జనం ఉన్నారు. ఆ పిల్ల చటుక్కున తల తిప్పుకుని లామినేషన్ మిషన్ వైపు చూస్తూ నిలబడింది. ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. మార్కుల లిస్టు గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ వారంలోనే పిట్స్‌బర్గ్‌లో ఉన్న మా అత్త కూతురు ఫోన్ చేసింది. తిరుపతి వాళ్లకు పిట్స్‌బర్గ్ అంటే వెంకటేశ్వర స్వామి గుడే గుర్తొస్తుంది. 1976లో ఆ ఊరి పక్కనే పెన్ హిల్స్‌లో వెలిసిన గుడి అది. వదిన మాత్రం ఆరోజు గుడి సంగతి కాకుండా వాళ్లబ్బాయి క్లాస్‌మేట్ సంగతి చెప్పింది. ఆ పిల్లాడి ముత్తాతలు హంగేరీ నుంచి వలస వచ్చినవాళ్లు. వాళ్ల సంఘం కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్ ఇస్తుందట. ఆ పిల్లాడు దానికి దరఖాస్తు పెట్టుకుంటున్నాడు. "ఎవరికిస్తారు వదినా, బీదవాళ్లకా?" అంటే, "కాదు, సభ్యులకు" అంది. ఆ మాట పట్టుకుని ఆ రాత్రి అంగడి మూసేశాక కూర్చుని చదివాను.

దాని పేరు విలియం పెన్ అసోసియేషన్. పుట్టింది 1886లో, పెన్సిల్వేనియా రాష్ట్రం హేజల్టన్‌లో. పెట్టింది 13 మంది హంగేరియన్ బొగ్గు గని కార్మికులు. మొదట్లో హంగేరీ పార్లమెంటు సభ్యుడు ఒకాయన పేరు మీద వెర్హోవాయ్ సహాయ సంఘం అనేవాళ్లు. గనిలో కాలు విరిగితే కూలి లేదు. మనిషి పోతే ఇంటికి దిక్కు లేదు. ఆ రాష్ట్రంలో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చిందే 1915లో. 1907 డిసెంబరు 19న ఆ రాష్ట్రంలోనే డార్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 239 మంది చనిపోయారు. వాళ్లలో హంగేరియన్లు చాలామంది. అలాంటి రోజుల్లో తలా కొంచెం వేసుకుని, జబ్బు పడినవాడికి ఇంత, పోయినవాడి భార్యాపిల్లలకు ఇంత అని రాసుకున్న లెక్క అది. 1955లో రాకోజీ అనే ఇంకో హంగేరియన్ సంఘంతో కలిసి విలియం పెన్ పేరు పెట్టుకుంది.

అమెరికాలో ఇలాంటివాటిని ఫ్రాటర్నల్ సంఘాలంటారు. చేసేది ఇన్సూరెన్స్ వ్యాపారమే, కానీ షేర్‌హోల్డర్లు ఉండరు. ఊరూరా శాఖలుంటాయి, మిగిలిన డబ్బు సభ్యుల మంచికే పోవాలి. పిల్లల పేరు మీద కూడా పాలసీ తీసుకోవచ్చు. కాలేజీకి వెళ్లే వయసొచ్చేసరికి ఆ పిల్లాడు తన పేరుతో తానే సభ్యుడు. స్కాలర్‌షిప్ నిధి కోసం సంఘం వాళ్లు గోల్ఫ్ పోటీ పెడతారు. అందరూ కలిసి ఆడతారు, వచ్చిన డబ్బు చదువులకు పోతుంది. ఇది నాకు చాలా నచ్చింది. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒకే పుస్తకంలో పేర్లున్నవాళ్లు.

ఇదంతా చదువుతుంటే మా అమ్మ పొదుపు సంఘం కళ్ల ముందు మెదిలింది. మాది చంద్రగిరి దగ్గర పల్లె. నేను తొమ్మిదో తరగతికొచ్చినప్పుడు సంఘం ఆడవాళ్లకు ఎల్ఐసీ జనశ్రీ బీమా ఉండేది. ఏడాదికి ప్రీమియం 200, అందులో సగం కేంద్ర నిధి నుంచి కట్టేవాళ్లు. మామూలుగా చనిపోతే 30 వేలు, ప్రమాదమైతే 75 వేలు. దాంతోపాటు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలకు నెలకు 100 చొప్పున ఏడాదికి 1,200 స్కాలర్‌షిప్, ఇంటికి ఇద్దరి దాకా. బీమా మిత్ర అక్క స్కూటీ మీద వచ్చి, మా హెడ్మాస్టరు సంతకం చేసిన బోనఫైడ్ తీసుకుని పోయేది. డబ్బు వచ్చినరోజు మా నాయన "గవర్నమెంటోళ్లు ఇచ్చినారు" అంటే, అమ్మ ఊరుకోలేదు. "నేను బీమా కట్టినా, నా బిడ్డకు వచ్చింది" అనింది. ఆ డబ్బుతో కొన్న జామెట్రీ బాక్సు, రెండు గైడ్లు నేను ఎవరి దగ్గరా దాచుకోలేదు. బడిలో అందరికీ చూపించాను.

తర్వాత ఆ బీమాను వేరే పథకాల్లో కలిపేశారు. ఇప్పుడు బ్యాంకులో కట్టే ప్రధానమంత్రి జీవన్ జ్యోతికి ఏడాదికి 436, పోతే రెండు లక్షలు. మంచిదే. కానీ అందులో చదువు ఊసు లేదు. పాతదాంట్లో ఉన్నా అది ఇంటర్‌తో ఆగిపోయేది. కాలేజీకి ఫీజు ప్రభుత్వం కట్టినా బస్సు పాసు, పరీక్ష ఫీజు, రికార్డులు, ప్రాజెక్టు ప్రింట్లు ఎవరు కడతారు? ఆ ప్రింట్లు తీసేది నేనే కాబట్టి చెబుతున్నా, చివరి సెమిస్టర్లో పిల్లలు బైండింగ్ ధర విని వెనక్కి తగ్గుతారు.

అందుకే పోయిన నెల మా ఊరికి వెళ్లినప్పుడు సంఘం మీటింగులో కూర్చుని ఈ హంగేరియన్ల కథంతా చెప్పాను. నెల పొదుపుతో పాటు తలా 20 రూపాయలు వేరే పక్కన పెడదాం, సభ్యుల పిల్లల కాలేజీ ఖర్చుకు వాడదాం అన్నాను. ముందు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పిల్లల్లేని మా పక్కింటి పిన్నమ్మ సూటిగా అడిగింది: "నేనెందుకు కట్టాల పాపా?"

న్యాయమైన ప్రశ్నే. ఆ గనుల్లోకి వచ్చినవాళ్లలో ఒంటరిగా వచ్చిన మగవాళ్లు చాలామంది, వాళ్లూ ఇంకొకరి భార్యాపిల్లల కోసం కట్టారని చెప్పాను. పిన్నమ్మకు అది చాల్లేదు. చివరికి దారి ఆమే చెప్పింది. తన చెల్లెలి మనవరాలి పేరు తన తరఫున రాయించుకోవచ్చు అంటే సరే అంది. అంతే, ఎవరికి వాళ్లు ఒక పిల్ల పేరు చెప్పడం మొదలుపెట్టారు. ఒకామె ఇంకా అంగన్‌వాడీకి పోయే మనవడి పేరు రాయించింది. మనవడు వాళ్ల నాయనమ్మ ఒళ్లో కూర్చుని తన పేరు ఎక్కడ రాశారో చూపించమని ఒకటే గోల.

తీర్మానం పుస్తకంలో రాసింది నేనే. పిల్లలను బాల సభ్యులుగా చేర్చుకోవాలి. పేరు చేరి రెండేళ్లు నిండాలి. కాలేజీలో చేరినట్టు బోనఫైడ్ చాలు, ఆదాయ ధ్రువీకరణ అడగకూడదు. ఈ చివరి వాక్యం దగ్గర మాత్రం పెద్ద వాదనే జరిగింది. "ట్రాక్టరున్న వాళ్ల బిడ్డకు కూడానా?" అని ఇద్దరు పట్టుబట్టారు. వాళ్లూ 20 రూపాయలు కడుతున్నారు కదా అని మా అమ్మ అంది. ఆ ఇద్దరూ ఇంకా సంతకం పెట్టలేదు. వచ్చే మీటింగుకు నేను మళ్లీ వెళ్తున్నాను. ఈలోపు ఎవరి సంఘంలోనైనా ఇలాంటిది నడుస్తుంటే, ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసిన చోట ఈ ముడి ఎలా విప్పారో చెప్పండి, అక్కడ చదివి వినిపిస్తాను.