పదిహేడుతో వండి ఎనిమిదికి వడ్డిస్తే

ఆఫీసులో రెండు ప్రాజెక్టులు నా నెత్తిన ఉన్నాయి. ఒకటి జావా అనే ప్రోగ్రామింగ్ భాష 17వ వెర్షన్‌లో ఉంది. రెండోది పాతది, ఇంకా జావా 8 మీదే నడుస్తోంది. ముట్టుకుంటే ఎక్కడ ఏం ఊడుతుందోనని ఎవరూ దాని జోలికి పోరు. రెండూ నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి.

మొన్న శుక్రవారం సాయంత్రం పాతదాంట్లో చిన్న పని పడింది. ఒక రిపోర్టులో తేదీ ఫార్మాట్ మార్చాలి, అంతే. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి, ఏ జావా వాడాలో ఎంచుకునే 'సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --కాన్ఫిగ్ జావా' కొట్టాను (సుడో అంటే అడ్మిన్ హక్కులతో అని). ఉన్న జావాలన్నీ వరసగా చూపించింది, వాడుతున్నదాని పక్కన స్టార్ గుర్తుతో. 8 ఉన్న వరస నంబరు నొక్కాను. 'జావా -వెర్షన్' అని అడిగితే 1.8.0 అంది. ఎనిమిదిని ఇంకా ఒకటి పాయింట్ ఎనిమిది అనే చెప్పుకుంటుంది, పాతకాలం పేరు.

ఆ రిపోర్టు ప్రోగ్రామ్ ఒక్కటే ఫైలు. చేత్తోనే కంపైల్ చేసి, అంటే రాసిన కోడ్‌ని జావా నడపగల క్లాస్ ఫైల్‌గా మార్చి, రన్ చేశాను. ఎర్రర్! ఈ క్లాస్ ఫైల్ వెర్షన్ 61.0, నాకు 52.0 దాకానే తెలుసు అంటోంది. ఈ అంకెల్లోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 61 అంటే 17, 52 అంటే 8. అంటే కంపైల్ చేసింది పదిహేడు. ఇప్పుడే కదా ఎనిమిదికి మార్చాను?

అమ్మ వంటింట్లోంచి "అన్నం చల్లారిపోతోందే" అని రెండోసారి పిలిచింది. వస్తున్నానమ్మా అంటూనే, కంపైల్ చేసే ప్రోగ్రామ్ జావాక్‌ని 'జావాక్ -వెర్షన్' అని అడిగాను. 17! అప్పుడు వెలిగింది. జావా అని కొడితే అది ముందు '/ఈటీసీ/ఆల్టర్నేటివ్స్'లో ఉన్న లింకుకి, అక్కణ్ణించి అసలు ఫైలుకి వెళ్తుంది. జావాక్‌కి కూడా అలాంటి లింకే ఉంది, కానీ వేరేది. నేను కదిపింది మొదటిదాన్ని మాత్రమే. రన్ చేసేది ఎనిమిది, కంపైల్ చేసేది పదిహేడు.

జావాక్‌ని కూడా మార్చి, ధీమాగా మొత్తం ప్రాజెక్టుని మావెన్ అనే బిల్డ్ టూల్‌తో కట్టబోతే మళ్ళీ ఎర్రర్! 'ఎంవీఎన్ -వెర్షన్' అడిగితే 17 చూపించింది. మావెన్ ఈ లింకుల కంటే ముందు, జావా ఏ ఫోల్డరులో ఉందో చెప్పే జావా హోమ్ వేరియబుల్‌ని చూస్తుంది. దాన్ని ఎప్పుడో ఆరునెలల కిందట, టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే బ్యాష్ఆర్‌సీ ఫైల్లో 17కి పెట్టిన మహానుభావురాలిని నేనే.

జావా, జావాక్ లాంటివన్నీ ఒకేసారి మార్చడానికి 'అప్‌డేట్-జావా-ఆల్టర్నేటివ్స్' అని ఇంకో కమాండ్ ఉంది. కానీ అదీ జావా హోమ్‌ని ముట్టుకోదు. పైగా మార్పు సిస్టమ్ మొత్తానికి. పక్క విండోలో 17తో పని నడుస్తుంటే దానికీ ఎసరే.

అందుకే బ్యాష్ఆర్‌సీలో జె8, జె17 అని రెండు చిన్న ఫంక్షన్లు రాసుకున్నాను. ఏది కొడితే ఆ జావా ఫోల్డరుని జావా హోమ్‌లో పెట్టి, దానిలోని బిన్ ఫోల్డరుని పాత్‌కి, అంటే కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితాకి, ముందు తగిలిస్తుంది. సుడో అక్కర్లేదు, ఆ ఒక్క విండోకే వర్తిస్తుంది. మార్చినప్పుడల్లా పాత్ రైలుబండిలా పొడుగవుతుంది, అవనీ.

తేదీ ఫార్మాట్ సోమవారం పొద్దున వెళ్ళింది. మారింది ఒక్క లైను.