తలతో ఆడిన పదకొండేళ్లు

స్కాట్లాండులో మూడో, నాలుగో శ్రేణి క్లబ్బుల్లో ఆడేవాళ్లలో చాలామందికి ఫుట్‌బాల్ రెండో ఉద్యోగం. నాకు ఆరేళ్లప్పుడు మేము కాకినాడ నుంచి ఫైఫ్ ప్రాంతంలోని కర్కాడీకి వచ్చాం. పెద్దయ్యాక ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాను. పగలంతా ఇళ్లకు వైరింగ్ చేసి, మంగళ, గురువారాలు సాయంత్రం ఆ పని బట్టలతోనే ప్రాక్టీసుకు వెళ్లేవాణ్ణి. శనివారం మూడు గంటలకు మ్యాచ్. పదకొండు సీజన్లు ఇలాగే గడిచాయి. వచ్చే డబ్బు పెట్రోలుకూ బూట్లకూ సరిపోయేది. అయినా సోమవారం ఎవరైనా "మొన్న బాగా ఆడావు" అంటే నాకు వారమంతా పండగే.

నేను సెంటర్ హాఫ్‌ను, అంటే మధ్యలో ఆడే డిఫెండర్‌ను. గోలు ముందు నిలబడి, గాలిలో వచ్చిన ప్రతి బంతినీ తలతో తిప్పికొట్టడమే నా పని. ఆర్బ్రోత్ ఊళ్లోని గేఫీల్డ్ మైదానం సముద్రం ఒడ్డునే ఉంటుంది. అక్కడ ఎదురుగాలికి పైకి లేచిన బంతి ఒక్క క్షణం ఆగుతుంది, వెనక్కి మళ్లుతుంది, తర్వాత రాయిలా పడుతుంది. దాని కింద నిలబడి, కళ్లు మూయకుండా నుదుటితో కొట్టడం నాకు అబ్బిన విద్య. దాన్ని చూసుకుని ఎంతో గర్వపడేవాణ్ణి.

2022 అక్టోబరులో సొంత మైదానంలో ఒక కార్నర్ కిక్‌కు ఎగిరాను. ఎదుటి ఆటగాడి తల నా కణతకు తగిలింది. తప్పు ఎవరిదీ కాదు. ఫిజియో పరుగెత్తుకుంటూ వచ్చి, స్కోరు ఎంత అని అడిగింది. నాకు తెలియలేదు. ఆమె భుజం మీదుగా స్కోరుబోర్డు కనిపిస్తుంటే చూసి చెప్పేశాను. మరో ఇరవై నిమిషాలు ఆడాను. "అనుమానం ఉంటే ఆడించవద్దు" అనేది స్కాట్లాండులో అన్ని ఆటలకూ కలిపి పెట్టుకున్న నినాదం. మా డ్రెస్సింగ్ గదిలో ఆ కాగితం నా కొక్కేనికి పక్కనే అంటించి ఉండేది.

సోమవారం ఒక ఇంట్లో ఫ్యూజు పెట్టె ముందు కూర్చున్నాను. గోధుమ రంగు తీగ, నీలం తీగ, ఆకుపచ్చ మీద పసుపు చారల తీగ. చిన్నప్పటి ఎక్కాల్లా నోటికి వచ్చిన పాఠం అది. ఏది ఎక్కడ బిగించాలో గుర్తు రాలేదు. చేతిలోని స్క్రూడ్రైవర్ వంక చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆ ఇంటావిడే అమ్మకు ఫోను చేసింది.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. అంతా మామూలుగానే ఉంది. మెదడు అదిరినప్పుడు కలిగే ఇబ్బంది చాలాసార్లు స్కానులో కనిపించదని డాక్టరు చెప్పారు. ఆ మాటకు ఊరట కలిగింది, భయమూ వేసింది. బయటికి కనిపించే గాయం లేదు, నేనేమో వెలుతురు భరించలేకపోతున్నాను. కుళాయి శబ్దానికి వాంతి వచ్చేది. అమ్మ స్టీలు కంచాలన్నీ గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేసింది. చట్నీ చేయాలంటే మిక్సీ పట్టుకుని పక్కింటికి వెళ్లి తిప్పుకుని వచ్చేది. తలుపు దగ్గర నిలబడి, "కన్నా, చారన్నం కలిపి తేనా?" అని గుసగుసగా అడిగేది. ఇరవై తొమ్మిదేళ్ల మగవాణ్ణి. ఆ గుసగుసకే ఏడ్చాను.

నవంబరు చివర్లో చెల్లెలు ఫోనులో వార్త చదివి వినిపించింది. మ్యాచ్‌కు ముందు రోజూ, మరుసటి రోజూ ప్రాక్టీసులో తలతో బంతి కొట్టించవద్దని స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం ప్రొఫెషనల్ క్లబ్బులకు చెప్పింది. గ్లాస్గో విశ్వవిద్యాలయం 2019లో బయటపెట్టిన అధ్యయనం గురించి అప్పుడే శ్రద్ధగా విన్నాను. మతిమరుపు వంటి మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే ప్రమాదం పాత ప్రొఫెషనల్ ఆటగాళ్లకు ఇతరులకంటే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువట. ఇలాంటి జబ్బులు అందరికంటే ఎక్కువగా డిఫెండర్లకే వస్తున్నాయని 2021లో తేల్చారు. 1967లో గ్లాస్గో క్లబ్బు సెల్టిక్‌కు యూరోపియన్ కప్పు గెలిచిపెట్టిన కెప్టెన్ బిల్లీ మెక్‌నీల్ కూడా సెంటర్ హాఫే. చివరి రోజుల్లో ఆయన్ను మతిమరుపు కమ్మేసింది. ఆ లెక్కలు నాలాంటి శనివారపు ఆటగాళ్లవి కావు, నిజమే. కానీ చీకటి గదిలో పడుకున్నవాడికి ఆ తేడా ఏ ధైర్యాన్నీ ఇవ్వదు.

కోలుకోవడం బొటనవేలితో మొదలైంది. చేయి చాపి, బొటనవేలి గోరు మీద చూపు నిలిపి, తలను మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. మొదట పది సెకన్లకే గది గిర్రున తిరిగేది. తర్వాత నడక. కర్కాడీ సముద్రపు ఒడ్డున దీపస్తంభాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లేవాణ్ణి. మొదటి రోజు నాలుగు. తల బరువెక్కితే అక్కడే ఆగి వెనక్కి రావాలి. పంతం పట్టి తొమ్మిది నడిచిన రోజు, రెండు రోజులు లేవలేకపోయాను. మార్చికి ఆ చివరిదాకా వెళ్లగలిగాను. జూన్‌లో పూట పనికి చేరాను. మొదటి ఫ్యూజు పెట్టె బిగించాక మూత వేయకుండా కాసేపు ఆ తీగలను చూస్తూ ఉండిపోయాను.

ఆటకు మాత్రం తిరిగి వెళ్లలేదు. ఇప్పుడు బుధవారాలు పన్నెండేళ్ల లోపు పిల్లలకు నేర్పుతున్నాను. వాళ్లకు ప్రాక్టీసులో తలతో కొట్టడం 2020 నుంచే లేదు.

పోయిన చలికాలం చెల్లెలితో గేఫీల్డ్‌కు మ్యాచ్ చూడటానికి వెళ్లాను. గోలు వెనక నిలబడ్డాం. గోల్‌కీపర్ కొట్టిన బంతి గాలిలో ఆగింది, వెనక్కి మళ్లింది. నా మడమలు నేల మీది నుంచి లేచాయి. చెల్లెలు నా కోటు పట్టుకుంది.