పట్నం వదిలి ఊరికి పోయేవాళ్ళకి: మండలం దొరుకుతుంది, టిప్పన్ దొరకదు

మొన్ననే మేం కొన్న పొలానికి హద్దు రాళ్ళు పాతాం. కోపం ఇంకా తగ్గలేదు, వివరాలు ఇంకా మరిచిపోలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. హైదరాబాద్ వదిలి పల్లెకి మారాలని భూమి చూస్తున్నవాళ్ళు చివరిదాకా చదవండి. మొదటి సగం తేలిక. తలనొప్పంతా రెండో సగంలో, టిప్పన్ (పొలం కొలతల ప్రభుత్వ చిత్రం) దగ్గర ఉంది.

అందరూ మొదట అడిగేది "ఏ జిల్లా మంచిది?" అని. అలా మొదలుపెడితే ఎన్నటికీ తేలదు. నల్లగొండనే తీసుకోండి. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వానాకాలం, యాసంగి రెండూ వరే. అదే జిల్లాలో మర్రిగూడ వైపు బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ తాగి తరాల తరబడి మనుషుల ఎముకలు వంగిపోయాయి. అందుకే మండలాన్ని లెక్కలోకి తీసుకోండి. భూగర్భజలాల లెక్క, వాన లెక్క మండలం వారీగా దొరుకుతాయి. తహసీల్దారు కూడా మండలానికి ఒకరే, రేపు మీ పనులన్నీ ఆ ఒక్క ఆఫీసులోనే పడతాయి.

ముందు తీసేయాల్సినవి తీసేయండి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో చాలా ఊళ్ళు, అటు నల్లమలలో అమ్రాబాద్ వైపు ఊళ్ళు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వస్తాయి. అక్కడ 1/70 (గిరిజన ప్రాంతాల భూ బదిలీ చట్టం) ప్రకారం గిరిజనేతరులు భూమి కొంటే చెల్లదు. "నోటరీ రాసిస్తాం, ఏం కాదు" అనే మధ్యవర్తులు ప్రతి ఊళ్ళో ఉంటారు. ఆ చట్టం వచ్చిందే మనలాంటి బయటివాళ్ళ చేతుల్లోకి ఆ భూమి పోకుండా ఉండటానికి. అడవి గాలి కావాలని అక్కడి మనుషుల భూమి మీద కన్నేయడం తప్పు, అంతే.

రీజనల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ దగ్గర్లుగా పోతుంది. అటువైపు చూస్తుంటే జాతీయ రహదారుల చట్టం కింద భూసేకరణకి వచ్చిన 3ఎ గెజిట్ నోటిఫికేషన్లు తీసి, మీ సర్వే నంబరు ఉందో లేదో వెతకండి. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు తిరిగేవాళ్ళు సరిహద్దు దాటి కూడా చూస్తుంటారు. మహారాష్ట్రలో రైతు కానివాళ్ళు సాగుభూమి కొనలేరు. కర్ణాటకలో ఆ అడ్డు 2020లో తీసేశారు.

నీళ్ళ విషయంలో మేం చేసిన పనిని గొప్పగానే చెప్పుకుంటాను. భూమి చూపించేవాళ్ళు చెరువులు నిండాక, సెప్టెంబరులో రమ్మంటారు. మేం ఏప్రిల్ చివర్లో, మే నెలలో తప్ప చూడలేదు. ముందు కేంద్ర భూగర్భజల బోర్డు అంచనాల్లో మండలం ఏ వర్గంలో ఉందో చూశాం. ఏటా ఇంకే నీటిలో తోడేది 70 శాతం లోపుంటే సురక్షితం, 70 నుంచి 90 అయితే కొంత ఇబ్బంది, 90 నుంచి 100 అయితే గడ్డు పరిస్థితి, 100 దాటితే అతిగా తోడేసినట్టు. చివరి రెండు వర్గాల్లో ఉన్నవి పక్కన పెట్టేశాం.

ఆ తర్వాత కాగితాలు పనికిరావు, పొలాల్లో తిరగాల్సిందే. తెలంగాణలో చాలా భాగం గ్రానైట్ నేల. పైన మెత్తబడిన పొర, కింద రాతి పగుళ్ళు, నీళ్ళు ఆ రెండింట్లోనే ఉంటాయి. పగుళ్ళు అయిపోయాక వెయ్యి అడుగులు వేసినా పొడే వస్తుంది. కాబట్టి అర కిలోమీటరు లోపు ఉన్న ప్రతి బోరు దగ్గరా ఇవి అడగండి: ఎన్ని అడుగులు, కేసింగ్ పైపు ఎంతదాకా దింపారు, నీళ్ళు ఎన్నో అడుగుకి తగిలాయి, మే నెలలో ఎన్ని ఇంచులు పోస్తుంది, ఎంతసేపు నడిస్తే ఆగి ఆగి పోస్తుంది. అదే పొలంలో ఎండిపోయిన బోర్లు ఎన్ని అన్నది మరిచిపోకుండా అడగండి, అడక్కపోతే ఎవరూ చెప్పరు. మోటారు గంట నడిచాక 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోన్‌లో టైము చూడండి. నాలుగు నిమిషాల్లో నిండితే గంటకి 3,000 లీటర్లు. ఇంటికీ పెరటికీ అది ధారాళంగా సరిపోతుంది.

నీళ్ళ పరీక్షకి మోటారు పది నిమిషాలు నడిపి, అదే నీటితో మూడుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో లీటరు పట్టండి. ఫ్లోరైడ్ లీటరుకి 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. నైట్రేట్ 45 దాటకూడదు. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) 500 లోపు మంచిది, 2,000 ఆఖరి హద్దు. నైట్రేట్ ఎక్కువ వచ్చిందంటే పక్కనే పెంటకుప్పో, సెప్టిక్ గుంతో, యూరియా బాగా చల్లిన మడో ఉన్నట్టే. మిషన్ భగీరథ నల్లా ఉందా అని సర్పంచ్‌ని అడిగితే ఉందంటారు. వారంలో ఎన్ని రోజులు వస్తుందో నల్లా దగ్గర బిందెలు పెట్టిన అమ్మలని అడగండి.

ఆసుపత్రి: పీహెచ్‌సీకి వెళ్ళి పాము కాటు మందు ఎన్ని వయల్స్ ఉన్నాయో ఫార్మసిస్టుని అడగండి. మొదటి విడతకే 8 నుంచి 10 కావాలి. రెండు మూడు మాత్రమే ఉంటే, మందు ఉన్న ఆసుపత్రికి రాత్రిపూట ఎంతసేపు పడుతుందో ఆ దారిలో నడిపి చూసుకోండి. కరెంటు: రాత్రి ఏడున్నరకి ఎవరింట్లోనైనా వోల్టేజీ కొలవండి, 180 కంటే తక్కువుంటే ఫ్రిజ్జు, మోటారు రెండూ పాడవుతాయి. వ్యవసాయ కనెక్షన్ నుంచి ఇంటికి వైరు లాగొద్దు, అది నేరం, ఇంటికి వేరే సర్వీసు తీసుకోండి. కోతులు: ఊళ్ళో పెరట్లో జామ, బొప్పాయి కాయలు చెట్టు మీద పండుతున్నాయా చూడండి. ఎక్కడా కనిపించకపోతే తోట ఆశ వదులుకోవాలి. ఇవన్నీ తిరిగితే తేలిపోయేవే.

ఇక టిప్పన్.

తెలంగాణలో సర్వే నంబర్లు నిజాం కాలం కొలతలవి. ఒక్కో నంబరు ఇరవై, ముప్పై ఎకరాలుండటం మామూలే. తరాలుగా పంచుకుని, అమ్ముకుని అ, ఆ, /1, /2 అంటూ బై నంబర్లు పెరిగాయి. కానీ ఆ బై నంబర్లని చాలాచోట్ల ఎవరూ కొలవలేదు, గీయలేదు. పాస్‌బుక్‌లో 3 ఎకరాల 12 గుంటలు అని ఉంటుంది, అవి ఆ ముప్పై ఎకరాల్లో ఏ మూలన ఉన్నాయో ఏ ప్రభుత్వ పటంలోనూ ఉండదు. తూర్పున ఫలానా వారి భూమి, పడమర బాట, ఇలా మాటల్లోనే హద్దులు. తెలంగాణ కొత్త భూ హక్కుల చట్టం భూభారతిలో రిజిస్ట్రేషన్‌కి కొలతల పటం జతచేయాలన్న నిబంధన పెట్టింది ఈ గొడవ కోసమే.

ముందు మొత్తం కలుస్తుందో లేదో చూడాలి. ఆ సర్వే నంబరులోని బై నంబర్లన్నిటి విస్తీర్ణం ఆన్‌లైన్‌లో చూసి కూడండి. దాన్ని సేత్వార్‌లో (మొదటి సర్వే నాటి రికార్డు) ఉన్న అసలు విస్తీర్ణంతో పోల్చండి. కూడిక ఎక్కువ వచ్చిందంటే ఎవరో ఒకరికి కాగితం ఉంది, నేల లేదు. చివరగా కొన్నవాళ్ళే ఎక్కువగా ఆ ఒకరవుతారు. తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ (ఏ నంబరు ఎవరిదో రాసిన పాత రికార్డు) నకలు తీసుకోండి. అందులో సర్కారీ, గైరాన్, శిఖం, ఖారిజ్ ఖాతా, పరంపోగు అని కనిపిస్తే అక్కడే ఆపేయండి, అవి ప్రభుత్వ, మేత, చెరువు భూముల పేర్లు. లావణి పట్టా అయితే అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చింది, 1977 చట్టం ప్రకారం కొన్నా చెల్లదు. రక్షిత కౌలుదారు పేరుందా, ఆ కౌలుదారుని యజమానిని చేసే 38ఇ సర్టిఫికెట్ ఇచ్చారా అన్నది కూడా చూడాలి. ఈసీ (రిజిస్టరైన లావాదేవీల జాబితా) 1983 నుంచి ఆన్‌లైన్‌లో వస్తుంది కానీ ఇవేవీ ఈసీలో కనపడవు. "ఈసీ క్లియర్" అన్న మాటకి నేను ఇప్పుడు ఏ విలువా ఇవ్వను.

రెండోది, నేల మీద ఎక్కడ. దీనికి టిప్పన్ కావాలి. సర్వే నంబరు ఒక్కోదానికి గొలుసు, ఆణా లెక్కల్లో గీసిన కొలతల చిత్రం అది. గొలుసు అంటే 33 అడుగులు, 33 అడుగుల చదరం ఒక గుంట, అంటే 121 గజాలు, 40 గుంటలు ఎకరం. టిప్పన్ లేకుండా ప్రభుత్వ సర్వేయర్ చేసే కొలతకి ఆధారం ఉండదు.

మా పని ఆగింది ఇక్కడే. ఆ ఆఫీసు పేరు రాయను. మండలాఫీసులో అడిగితే జిల్లా సర్వే ఆఫీసుకి పొమ్మన్నారు, అక్కడ అడిగితే మండలం నుంచి లెటర్ తెమ్మన్నారు, మండలంలో "లెటర్ మేమెందుకిస్తాం" అన్నారు. వరుసలో ఊరివాళ్ళు ఉండగా, కుర్చీలోంచి లేవకుండా, "మీది కాని భూమి టిప్పన్ మీకెందుకు సార్? ప్లాట్లు చేస్తారా?" అని గట్టిగా అడిగాడు ఒకాయన. అందరూ మా వైపు తిరిగారు. కొనబోయేవాడు కొనేముందు చూసుకోవడం అనుమానించాల్సిన పనా? చూడకుండా కొని కోర్టులో పడ్డవాళ్ళతో అదే ఆఫీసు నిండిపోయి ఉంది. తర్వాత "చిరిగిపోయింది" అన్నారు, ఆ తర్వాత "స్కానింగ్‌కి పోయింది" అన్నారు. 2020లో వీఆర్వోలని తీసేశాక 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చేదాకా ఊళ్ళో రెవెన్యూ మనిషే లేడు. ఈ మధ్యలో ఎవరి గెట్టు (పొలం హద్దు) ఎటు జరిగిందో చెప్పే దిక్కు లేకుండా పోయింది.

చివరికి పనిచేసిన దారి ఇది. నకళ్ళ కోసం కొనేవాళ్ళు తిరగకూడదు, అమ్మే పట్టాదారు చేత మీసేవలో సర్వేకి దరఖాస్తు పెట్టించాలి. అగ్రిమెంట్‌లోనే "కొలిపించి ఇచ్చే బాధ్యత అమ్మేవారిది, కొలతలో తేలినంతకే గుంట లెక్కన డబ్బు" అని రాయించుకోవాలి. దాంతోపాటే సమాచార హక్కు చట్టం కింద సేత్వార్, టిప్పన్ నకళ్ళకి అర్జీ పెట్టాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "దొరకలేదు" అని రాసి సంతకం పెట్టాలంటే ఎవరికైనా భయమే. మాకు చిరిగిపోయిందన్న టిప్పన్ అర్జీ పెట్టాక దొరికింది.

కొలిచే రోజు పక్క పట్టాదారులందరికీ ముందుగా నోటీసులు అందాలి. ఒక్కరికి అందకపోయినా, రేపు "నాకు చెప్పకుండా కొలిచారు" అంటే ఆ కొలత నిలబడదు. కొలిచే మిషన్ తెచ్చారు కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నారన్నదే ముఖ్యం. మాకు వచ్చినాయన ఒక వేపచెట్టు గుర్తుగా మొదలుపెట్టబోయాడు. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే ట్రైజంక్షన్ రాయి నుంచి రావాలని పట్టుబట్టాం. చెట్టు నుంచి మొదలుపెడితే పక్కవాళ్ళు గతంలో జరిపిన గెట్లన్నీ మన కొలతలోకి వచ్చేస్తాయి. పొదల్లో ఉన్న ఆ రాయిని చూపించింది పక్క పొలం పెద్దాయన. "బిడ్డా, గెట్టు ఈడ గాదు, గా తుమ్మచెట్టు అవుతల. మా బాపు దున్నంగ సూసిన" అన్నాడు. మిషన్ కొలత కూడా తుమ్మచెట్టు అవతలికే వచ్చింది. ఆయన చెప్పిన మాట ఆయనకే నష్టం, అయినా చెప్పాడు.

కాగితంలో 3 ఎకరాల 12 గుంటలు, నేల మీద 3 ఎకరాల 4 గుంటలు తేలింది. తేడా 8 గుంటలు, అంటే 968 గజాలు. అగ్రిమెంట్‌లో ఆ వాక్యం ఉండబట్టి ఆ ఎనిమిది గుంటల డబ్బు మిగిలింది. బాట సంగతి కూడా అప్పుడే తేలింది: మేం నడిచిన దారి నక్షాలో (ఊరి సర్వే పటం) బండ్లబాట కాదు, పక్కవాళ్ళ పట్టాలోది. నక్షాలో లేని దారిని నమ్ముకుని ఇల్లు కట్టొద్దు. దారి వెడల్పు అడుగుల్లో రాయించి, భూమి రిజిస్ట్రేషన్‌కంటే ముందే ఆ కాగితం కూడా విడిగా రిజిస్టరు చేయించుకోండి.

కొలత అయ్యాక పంచనామా మీద పక్క పట్టాదారుల సంతకాలు ఆ రోజే, అక్కడే తీసుకోండి, నకలు కూడా అడిగి తెచ్చుకోండి. రాళ్ళు మూడడుగులవి తెచ్చి సగం పైగా భూమిలోకి దింపండి. ఒక్కో రాయికీ లొకేషన్ పడేలా ఫోటో తీసి పెట్టుకోండి, తొలకరి దుక్కిలో ట్రాక్టరు మొదట లేపేసేది మూల రాళ్ళనే. కంచె గెట్టు మీద కాకుండా అడుగు లోపలికి వేయండి. బోరు మాత్రం ఇవన్నీ అయ్యాకే, వాల్టా (నీళ్ళు, నేల, చెట్ల చట్టం) కింద అనుమతి తీసుకుని వేయించండి. గెట్టు తేలకముందు వేసిన బోరు పక్కవాళ్ళ పట్టాలో తేలితే, నీళ్ళు ఎన్ని ఇంచులు పడ్డా అవి వాళ్ళవే.